హాజరు 68 శాతం, సబ్‌స్క్రైబర్లు 18 వేలు: మూడో సంవత్సరంలో ఛానెల్ ఆపేయాలా?

కడియం_మొక్క
14 సెప్టెంబరు 2025, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్). మాది కడియం పక్క పల్లె. నాన్నగారు నర్సరీలో అంట్లు కడతారు. అమ్మ అక్కడే కవర్లలో మట్టి నింపే పనికి వెళ్తుంది. మొదటి సంవత్సరం సెలవుల్లో నాన్నగారు జామ కొమ్మకు గాలి అంటు కడుతుంటే ఫోనులో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. ఆరు నెలలు ఎవరూ చూడలేదు. తర్వాత ఒక వానాకాలంలో ఎక్కడెక్కడి వాళ్లో చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడు 18,400 మంది సబ్‌స్క్రైబర్లు. వారానికి రెండు పెద్ద వీడియోలు, నాలుగైదు షార్ట్‌లు పెడుతున్నాను. నెలకు ఆరు నుంచి ఎనిమిది వేలు వస్తున్నాయి. ఆ డబ్బుతోనే అమ్మకు కళ్లద్దాలు చేయించాను, తమ్ముడికి ఇంటర్ పుస్తకాలు కొన్నాను.

నా హాజరు 68 శాతానికి పడిపోయింది. రెండో సంవత్సరంలో ఎలక్ట్రోమాగ్నెటిక్ వేవ్స్ తప్పాను, అది ఇంకా అలాగే ఉంది. మొన్న మొదటి మిడ్‌లో కంట్రోల్ సిస్టమ్స్‌లో సగం మార్కులు కూడా రాలేదు. ఇంట్లో ఇవేవీ తెలియవు. నర్సరీకి వచ్చిన వాళ్లందరికీ నాన్నగారు ‘మా అమ్మాయి ఇంజినీరు’ అని చెబుతుంటే తల ఎత్తలేకపోతున్నాను.

దీనికి తోడు ఈ నెలలో రెండు బేరాలు వచ్చాయి. ఒకటి మొక్కల టానిక్ కంపెనీది. ‘మా పెరట్లో వాడాను, నెల తిరక్కుండా పూత వచ్చింది’ అని చెబితే 12,000 ఇస్తామన్నారు. నేను దాన్ని వాడలేదు. రెండోది టెలిగ్రామ్‌లో వచ్చింది. ఏదో డబ్బు పెట్టి ఆడే ఆటల యాప్. ముప్పై సెకన్లు మాట్లాడితే 40,000. మా ఇంట్లో అంత డబ్బు ఒకేసారి ఎప్పుడూ చూడలేదు.

ఛానెల్ ఆపేయాలా? ఆపకుండా చదువు నిలబెట్టుకున్న వాళ్లు ఉంటే, ఎలా చేశారో దయచేసి చెప్పండి.

నిర్వాహకులు
15 సెప్టెంబరు, ఉదయం 7:05

ఈ చర్చలో ఎవరూ తమ ఛానెల్ పేరు గానీ కాలేజీ పేరు గానీ రాయకండి. అడిగిన అమ్మాయి ఎవరో ఊహించే ప్రయత్నమూ చేయకండి.

పాఠం_మాస్టారు
15 సెప్టెంబరు, ఉదయం 8:20

అమ్మా, నేను 19 ఏళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతున్నాను. ముందు హాజరు సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ తర్వాత.

జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్యలో ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే ఆ కొరతను మన్నించమని, అడగవచ్చు. అడిగిన ప్రతివారికీ ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. 65 కంటే తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. నీకు ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తోందా? వస్తుంటే అక్కడా 75 శాతం హాజరే చూస్తారు. ఇది మీ ఇంటి డబ్బుకు నేరుగా తగిలే విషయం.

శాతాలు చూసి కూర్చోకు, పీరియడ్లలోకి మార్చుకో. ఉదాహరణకు ఇప్పటికి 300 పీరియడ్లు జరిగాయనుకో, నువ్వు 204కు వెళ్లావు. ఇంకా 240 మిగిలాయనుకో. మొత్తం 540లో 75 శాతం అంటే 405. మిగిలిన 240లో 201కి తప్పకుండా వెళ్లాలి. అంటే మానడానికి నీ చేతిలో ఉన్నవి 39 పీరియడ్లు. రోజుకు ఏడు చొప్పున అయిదున్నర రోజులు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి వచ్చినా అన్నీ అందులోనే. నీ అసలు అంకెలు తీసుకుని ఇవాళే ఈ లెక్క చేసి, కాగితం మీద రాసి గోడకు అంటించు.

ఇంకో మాట. వీడియోలు చేసే పిల్లల గురించి మేము స్టాఫ్ రూములో తేలిగ్గా మాట్లాడతాం. అది మా తప్పు. కెమెరా ముందు నిలబడి ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చెప్పగలిగిన పిల్ల సెమినార్లోనూ చెప్పగలదు, ఇంటర్వ్యూలోనూ చెప్పగలదు. ఆ శక్తిని నేను చిన్నచూపు చూడను.

కత్తెర_పని
15 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:48

నేను ఇతరుల ఛానెళ్లకు ఎడిటింగ్ చేస్తాను. మూడేళ్ల క్రితం సరిగ్గా మీలాగే ఉన్నాను. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఒక్క రోజులో ఏదీ కూలిపోదు. రాత్రి రెండింటి దాకా ఎడిటింగ్ చేసేవాణ్ని, పొద్దున మొదటి పీరియడు పోయేది. కొన్నాళ్లకు మొదటి రెండు పీరియడ్లు పోయాయి. తర్వాత సోమవారాలు మొత్తం పోయాయి, ఎందుకంటే ఆదివారం సాయంత్రం వీడియో పెట్టి రాత్రంతా ఎంతమంది చూశారో చూసుకుంటూ ఉండేవాణ్ని. చివరికి 61 శాతం. డిటెయిన్ అయ్యాను.

మా బ్యాచ్ వాళ్లు వెళ్లిపోయేటప్పుడు వీడ్కోలు వీడియో ఎడిట్ చేసి ఇమ్మని నన్నే అడిగారు. చేసి ఇచ్చాను. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. అందులో నేను ఎక్కడా లేను.

ఇప్పుడు డిగ్రీ పూర్తయింది, పనీ ఉంది, బాగానే ఉన్నాను. కానీ ఆ ఏడాది మా అమ్మగారు బంధువులకు చెప్పుకోలేక ఏ శుభకార్యానికీ వెళ్లలేదు. మీ ఇంట్లో వాళ్లకు అంతదాకా రానివ్వకండి.

అనంతపురం_తల్లి
15 సెప్టెంబరు, సాయంత్రం 6:30

అమ్మాయీ, నా మాట కఠినంగా ఉండవచ్చు. ఆపేయి. డిగ్రీ చేతికి వచ్చాక జీవితమంతా వీడియోలు చేసుకో, ఎవరు వద్దంటారు?

మా అబ్బాయీ ఇలాగే దాచాడు. వాడు తప్పిన సబ్జెక్టుల కంటే, ఏడాది పాటు రోజూ నా ముఖం చూస్తూ ‘బాగా చదువుతున్నానమ్మా’ అన్నాడే, అది నాకు ఇప్పటికీ మానలేదు. ఛానెల్ ఆపినా ఆపకపోయినా ముందు మీ అమ్మానాన్నలకు చెప్పు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుంది.

ఓరుగల్లు_విహారి
15 సెప్టెంబరు, రాత్రి 9:55

అమ్మగారి మాట మీద గౌరవం ఉంది, ఇంట్లో చెప్పాలన్నదీ నిజమే. కానీ పూర్తిగా ఆపాలన్నదానితో నేను ఏకీభవించను. ఆ ఇంట్లో కళ్లద్దాలు, పుస్తకాలు ఆ డబ్బుతోనే వచ్చాయి కదా. ‘ఆపేయి’ అని మనం ఇక్కడి నుంచి సులువుగా చెప్పేయకూడదు.

నాది వరంగల్ చుట్టుపక్కల కోటలు, గుళ్ల మీద చేసే చిన్న ఛానెల్. రామప్ప గుడి మీద ఒక వీడియో చేస్తే మొదట్లో రెండు వందల మంది కూడా చూడలేదు. 2021 జులైలో రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక అదే వీడియో పరుగెత్తింది. అప్పుడు నాకు అర్థమైంది. షార్ట్‌లు, రీల్స్ నాలుగు రోజులు వెలిగి ఆరిపోతాయి. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చే వీడియోలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మీ గాలి అంటు వీడియో అలాంటిదే. దాన్ని ప్రతి వానాకాలంలోనూ మళ్లీ చూస్తారు. మీరు వారానికి రెండు పెట్టకపోయినా చూస్తారు.

డబ్బు లెక్క కూడా చూడండి. పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో మనకు 55 శాతం ఇస్తారు. షార్ట్‌లలో 45 శాతం, అదీ అందరి మధ్యా పంచాక మిగిలిన దాంట్లో. మీ యూట్యూబ్ స్టూడియోలో చూసుకోండి, ఆ నాలుగైదు షార్ట్‌లు నెలకు ఎంత తెస్తున్నాయో. నాకు టీ ఖర్చు కూడా రాలేదు, తినేసేది మాత్రం రోజుకో గంట.

పరీక్షలకు ముందు నేను నాలుగు నెలలు ఛానెల్ ముట్టుకోలేదు. ‘ఆపితే డబ్బు రావడం ఆగిపోతుంది’ అని స్నేహితులు భయపెట్టారు. నిజానికి ఆరు నెలలు, అంతకు మించి వీడియో గానీ పోస్టు గానీ ఏదీ పెట్టకపోతేనే ఆదాయ అర్హత తీసేసే అవకాశం ఉంది. రెండు నెలల విరామంతో మీకు ఏమీ కాదు. చూసేవాళ్లు తగ్గుతారు, నాకూ సగానికి పైగా తగ్గారు. తర్వాత మెల్లగా వచ్చారు.

ఒక్క పని చేయండి. ఏడు రోజులు, ఛానెల్ కోసం ఏ పనికి ఎంతసేపు పట్టిందో నోటు పుస్తకంలో రాయండి. షూటింగు వేరు, ఎడిటింగు వేరు, ఊరికే ఫోను తీసి అంకెలు చూసుకోవడం వేరు. రాసి ఇక్కడ పెట్టండి. అప్పుడు ఏది ఆపాలో మాట్లాడుకుందాం.

జమాఖర్చు
16 సెప్టెంబరు, ఉదయం 10:12

ఆ రెండు బేరాల సంగతి నేను చెబుతాను, నా వృత్తి ఖాతాలు చూడటమే.

ఆటల యాప్‌ను ఇప్పుడే బ్లాక్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020 నుంచే నిషేధం ఉంది, తెలంగాణలో 2017 నుంచి. గత నెల పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో వాటికి ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని రాశారు. ఈ ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. వాళ్లకు లాయర్లను పెట్టుకునే స్తోమత ఉంది. మీ వీడియో చూసి అందులో డబ్బు పోగొట్టుకునేది మీ నాన్నగారిలాంటి రోజు కూలీలే. ఈ కారణం ఒక్కటి చాలు.

టానిక్ సంగతి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువు బాగుందని చెప్పేవారు తమ నిజమైన అభిప్రాయమే చెప్పాలి, దానికి తగిన సమాచారమో అనుభవమో ఉండాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా జరిమానా పడవచ్చు. డబ్బు తీసుకుంటే అది ప్రకటన అని అందరికీ కనబడేలా చెప్పి తీరాలి. వాడకుండా ‘వాడాను’ అంటే మీరు రెండు విధాలా చిక్కుకుంటారు. పైగా మొక్కల పెరుగుదలకు వాడే ఇలాంటి చాలా మందులను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ‘మీ అనుమతి పత్రం పంపండి, నెల రోజులు వాడి చూసి చెబుతాను’ అని రాయండి. వాళ్లు జవాబు ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

పన్ను గురించి క్లుప్తంగా. మీ ఆదాయానికి పన్ను పడదు, కానీ రాబడి అంతా ఒక పుస్తకంలో రాయండి. కంపెనీలు ఏడాదిలో 20,000 దాటిన విలువకు వస్తువులు ఉచితంగా పంపితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే పన్ను) కట్టాలి. కోత పడితే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతాలో అమెరికా పన్ను వివరాలు నింపారా? మొక్కల వీడియోలు అక్కడి తెలుగువాళ్లు బాగా చూస్తారు. వివరాలు ఇస్తే అక్కడి వీక్షకుల ద్వారా వచ్చిన వాటాలో మాత్రమే 15 శాతం కోస్తారు. ఇవ్వకపోతే మొత్తం ఆదాయం మీదే 24 శాతం దాకా పోవచ్చు.

డెంటన్_తెలుగు
16 సెప్టెంబరు, రాత్రి 8:40

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఎంఎస్‌కు వచ్చే ఆలోచన ఉన్న పిల్లలు ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి ఒక హెచ్చరిక. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా బయట పని చేయకూడదు. క్యాంపస్‌లో పని కూడా తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. ఇక్కడికి వచ్చాక ‘నా దినచర్య’ అని వీడియోలు చేసి డబ్బు తీసుకునే ముందు మీ యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని అడగండి. వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ రాయాలి, ఈ జూన్ నుంచి విద్యార్థులు వాటిని అందరికీ కనిపించేలా పెట్టాలంటున్నారు. ఇవాళ సరదాకు పెట్టిన వీడియో రేపు వీసా అధికారి ముందు ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

విశాఖ_అల
17 సెప్టెంబరు, రాత్రి 10:15

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. కామెంట్లలో మిమ్మల్ని ఎవరైనా వేధిస్తున్నారా?

నేను నర్సింగ్ చదువుతున్నాను. ప్రథమ చికిత్స మీద వీడియోలు చేస్తాను. కట్టు ఎలా కట్టాలో చెబితే నా రంగు గురించి రాసేవారు. ఒకడు నా ఫొటో మార్చి పంపాడు. రెండు వారాలు క్లాసులో కూర్చున్నా ఒక్క ముక్క తలకెక్కలేదు. హాజరు పట్టీలో నేను ఉన్నాను, పాఠంలో లేను. చదువు దెబ్బతినడానికి ఇదీ కారణమే, దీన్ని ఎవరూ గంటల్లో లెక్కపెట్టరు.

నేను చేసినవి: స్టూడియో సెట్టింగుల్లో బూతు మాటలన్నీ నిరోధిత పదాల జాబితాలో పెట్టాను, తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ. కామెంట్లు నేను ఒప్పుకున్నాకే కనబడేలా మార్చాను. ఆ ఫొటో మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను. మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకు అక్కడ వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మనసు బాగా లేని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడారు, డబ్బు అడగలేదు. అవసరమైతే మొహమాటపడకండి.

కడియం_మొక్క
23 సెప్టెంబరు, రాత్రి 9:10

విహారి గారు చెప్పినట్టు వారం రోజులు రాశాను. రాసింది రాసినట్టే పెడుతున్నాను.

షూటింగు 4 గంటలు. ఎడిటింగు 7 గంటలు. షార్ట్‌లకు వేరుగా 5 గంటలు. థంబ్‌నెయిళ్లు గంటన్నర. కామెంట్లకు జవాబులు 3 గంటలు. ఊరికే ఫోను తీసి ఎంతమంది చూశారో చూసుకోవడం, ఇతరుల ఛానెళ్లతో పోల్చుకోవడం: 11 గంటలు.

ఈ చివరి అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకు టైము లేదని ప్రాజెక్టు జట్టులోంచి తప్పుకున్నాను. మా అమ్మతో కలిసి అన్నం తిని పది రోజులు దాటింది. ఆ పదకొండు గంటల వల్ల ఒక్క మొక్క గురించి కూడా ఎవరికీ ఏమీ తెలియలేదు, నాకూ ఏమీ రాలేదు.

షార్ట్‌ల డబ్బు చూశాను. గత నెల 410 రూపాయలు.

మాస్టారూ, మీ లెక్క కూడా చేశాను. మా కాలేజీ అంకెలు దాదాపు మీరు చెప్పినట్టే ఉన్నాయి. నేను మానగలిగినవి 36 పీరియడ్లు. గోడకు అంటించాను. అక్కా, మీరు అడిగినది నిజమే, వేధిస్తున్నారు. పదాల జాబితా ఇవాళే పెట్టాను. యాప్ వాళ్లను బ్లాక్ చేశాను. టానిక్ వాళ్లను పత్రం అడిగితే ఇంతవరకు జవాబు లేదు.

పాఠం_మాస్టారు
24 సెప్టెంబరు, ఉదయం 7:50

దాచకుండా రాసినందుకు సంతోషం తల్లీ. నీ సమస్య పరిష్కారం సగం నీ పుస్తకంలోనే ఉంది. షార్ట్‌లు, అంకెలు చూసుకోవడం తీసేస్తే వారానికి 16 గంటలు. కంట్రోల్ సిస్టమ్స్‌కూ, మిగిలిపోయిన సబ్జెక్టుకూ అవి చాలు.

నువ్వు తప్పుకున్న ప్రాజెక్టు గురించి ఒకటి చెబుతాను. నర్సరీలో కుండీ తడి చూసి, ఎండినప్పుడే మోటారు తిప్పి, తడిసినప్పుడు ఆపే పరికరం ఉందనుకో. కావలసిన తడి ఒకటి, ఉన్న తడి ఒకటి, రెండింటి తేడాను బట్టి నీళ్లు. నీకు మార్కులు రాని ఫీడ్‌బ్యాక్ పాఠం ఇదే. పుస్తకంలో డబ్బాలూ బాణాలూ గీస్తే నీకు పట్టుబడలేదు. మీ నాన్నగారు రోజూ వేలితో మట్టి తాకి చేసే పనిని గీయి, పట్టుబడుతుంది. మీ గైడును వెళ్లి అడుగు, మినీ ప్రాజెక్టుగా ఒప్పుకుంటారేమో.

కత్తెర_పని
24 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:05

పెద్ద వీడియోల ఎడిటింగ్ ఏడు గంటలు ఎక్కువ. మొదట్లో, చివర్లో వచ్చే భాగాలు, అక్షరాల తీరు ఒకసారి తయారుచేసి దాచుకోండి, ప్రతిసారీ కొత్తగా చేయకండి. ఒకే ఆదివారం మూడు వీడియోలకు షూటింగ్ చేయండి, చొక్కా మార్చుకుంటే చాలు. వీడియోలో సినిమా పాటలు ఉంటే తీసేయండి. హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో డబ్బు వాళ్లకు పోవచ్చు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు వస్తే ఛానెలే పోతుంది. మీ నర్సరీలో పిట్టల చప్పుడు ఉంటుంది కదా, అది చాలు.

కడియం_మొక్క
3 అక్టోబరు, మధ్యాహ్నం 12:30

పండుగ నాడు ఇంట్లో చెప్పాను. అమ్మ ఏడ్చింది. నాన్నగారు కండొనేషన్ ఫీజు ఎంతని ఒక్క మాట అడిగి, ఆ రోజంతా మాట్లాడలేదు. ఇవాళ పొద్దున ఆయనే వచ్చి ఆదివారం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా వీడియోకు కూర్చుంటానన్నారు. మిగతా రోజుల్లో ఫోను తొమ్మిదికల్లా ఆయన చేతికి ఇచ్చేయాలి. కామెంట్లు తమ్ముడు చూస్తాడు.

నెలకు రెండే వీడియోలు. నవంబరు మొత్తం సెలవు. ఛానెల్‌లో పోస్టు పెట్టాను, ‘పరీక్షలు, డిసెంబరులో కలుద్దాం’ అని.

అనంతపురం_తల్లి
3 అక్టోబరు, సాయంత్రం 5:15

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. పూర్తిగా ఆపేయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కడియం_మొక్క
7 డిసెంబరు, ఉదయం 10:45

పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు ఇంకా రాలేదు, అందుకే మార్కుల గురించి ఏమీ చెప్పలేను. కంట్రోల్ సిస్టమ్స్ మాత్రం ప్రశ్నపత్రం చూసి భయపడకుండా రాసిన మొదటి పరీక్ష. ఎలక్ట్రోమాగ్నెటిక్ వేవ్స్ కూడా మళ్లీ రాశాను, అందులో ఒక ప్రశ్న తప్పుగా రాశానని తెలుసు. హాజరు 76.1తో ముగిసింది. కండొనేషన్ కట్టలేదు.

ఆదాయం తగ్గింది. అక్టోబరులో 4,100, నవంబరులో 2,900. ఇంట్లో ఇబ్బంది అయింది, దాన్ని దాచను. తమ్ముడి ట్యూషన్ ఫీజు ఒక నెల ఆలస్యంగా కట్టాం.

టానిక్ కంపెనీ పత్రం పంపలేదు. అదే మందు గురించి ఇంకో ఛానెల్‌లో ‘వాడాను’ అన్న మాట విన్నాను. బాధగా అనిపించింది.

తడి చూసే పరికరం మినీ ప్రాజెక్టుగా ఒప్పుకున్నారు మాస్టారూ. మొదట మట్టిలో గుచ్చే రెండు పుల్లల సెన్సర్ కొన్నాం, కొన్ని వారాలకే తుప్పు పట్టింది. ఇప్పుడు కెపాసిటివ్ రకం తెచ్చాం, లోహం మట్టికి తగలదు కాబట్టి నిలుస్తోంది. నాన్నగారు రోజూ పొద్దున దాని అంకె చూసి, తర్వాత తన వేలితో మట్టి తాకి, రెండూ కలిశాయో లేదో చెబుతున్నారు. అది వీడియోగా తీస్తున్నాం.

అనంతపురం_తల్లి
7 డిసెంబరు, రాత్రి 8:00

చాలా సంతోషం తల్లీ. ఇక నాదొక ప్రశ్న. మా పెరట్లో మల్లె తీగ రెండేళ్లుగా ఆకులు వేస్తోంది కానీ పూలు సరిగ్గా పూయడం లేదు. ఏమి చేయాలో నీ వీడియోలో చెప్పావా?

కడియం_మొక్క
7 డిసెంబరు, రాత్రి 8:52

చెప్పలేదండీ. సరిగ్గా ఇదే సమయం. ఇప్పటి నుంచే నీళ్లు తగ్గించండి. జనవరి మొదట్లో కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయండి. పాదు తవ్వి బాగా మాగిన పశువుల ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టండి. వేసవి మొదలయ్యేసరికి కొత్త చిగుళ్లకు మొగ్గలు వస్తాయి. తీగకు ఎండ రోజంతా తగులుతోందా? ముందు అది చెప్పండి, నాన్నగారిని అడిగి మిగతాది రాస్తాను.